కొలిమి చల్లారింది సరే, కత్తి ఎవరు కొన్నారు?

గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట మీద ఏదో రాస్తున్నానంటే మా ఆఫీసులో ఒక మిత్రుడు నవ్వాడు. ‘దాని మీద ఇంకేం మిగిలిందని? పోటీ పరీక్షల్లో కూడా అడిగేశారు’ అన్నాడు. నిజమే. తెలుగు వ్యాసంలో ప్రపంచీకరణ అనే మాట వచ్చిందంటే నాలుగు వాక్యాలు తిరక్కుండానే ఆ పాట వస్తుంది. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాణ్ణి (ఆ మాటకొస్తే మా క్లాసులో సగంమంది అంతే). పాట మీద కొత్త సిద్ధాంతమేదీ నా దగ్గర లేదు. రాయాలనిపించింది కూడా పాట వింటున్నప్పుడు కాదు, మా అమ్మ కత్తి కొంటున్నప్పుడు.

మాది జఫర్‌గఢ్. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. వేల్పుగొండ నరసింహస్వామి జాతరకు ఇంటికి వెళ్లి, అమ్మతో కలిసి తిరుగుతున్నాను. మిఠాయి దుకాణాలు దాటాక ఒకతను నేలమీద నీలం పట్టా పరిచి సామాను కుప్ప పోశాడు. కూరగాయల కత్తులు, చెక్కు తీసేవి, గోళ్లు కత్తిరించేవి, చిన్న సుత్తెలు, పేచ్‌కస్‌లు, టార్చిలైట్లు. ఏది తీసుకున్నా యాభై. అమ్మ పసుపుపచ్చ ప్లాస్టిక్ పిడి ఉన్న కత్తి తీసి, అంచును బొటనవేలి గోరు మీద ఆనించి చూసింది. నేనూ ఒకటి తీసి తిప్పి చూశాను. కంపెనీ పేరు లేదు, దేశం పేరు లేదు. ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని ఇంగ్లీషులో ముద్ర ఉంది, అందులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ‘ఇది ఎక్కడిదో ఏమో అమ్మా’ అన్నాను.

‘ఎక్కడిదైతేంది బిడ్డా, ఉల్లిగడ్డ తెగుతదా లేదా?’ అని రెండు కొన్నది. ఒకటి తనకు, ఒకటి హైదరాబాద్‌లో ఉండే మా చెల్లెకు.

అమ్మ అడిగిన ఆ ప్రశ్నకు వెంకన్న పాటలో జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నే లేదు. పాటలోనే కాదు, ఆ పాట చుట్టూ ఇరవై ఏళ్లుగా మనం రాసుకుంటున్న వ్యాసాల్లోనూ లేదు.

ముందు పాట గొప్పతనం ఒప్పుకోవాలి. 2002లో ‘కుబుసం’ సినిమాతో అది ఇంటింటికీ చేరింది. అంతకు ముందు ఏడాది రెండు సంగతులు జరిగాయి. 2001 ఏప్రిల్ 1న మన దేశం దిగుమతుల మీద ఉన్న పరిమాణ ఆంక్షల్లో చివరి విడతగా 715 రకాల సరుకు మీద ఆంక్షలు ఎత్తేసింది. అదే ఏడాది డిసెంబర్ 11న చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యురాలైంది. జాతరలో నీలం పట్టా మీదికి ఆ కుప్ప రావడానికి తలుపులు తెరుచుకున్న రోజుల్లో ఇవి రెండూ ముఖ్యమైనవి. వెంకన్నకు ఈ తేదీలతో పనిలేదు. ఆయన ఊళ్లోకి వెళ్లి ఇల్లిల్లూ తిరిగి చూశాడు, కనబడింది చెప్పాడు.

ఆ చెప్పడంలో ఒక పనితనం ఉంది. పాటలో కుమ్మరి, కమ్మరి, వడ్ల, సాలె ఇళ్లు వరసగా వస్తాయి గానీ, ఆ ఇళ్లలో మనుషులు ఏడుస్తూ ఎదురురారు. వాక్యాల్లో కర్త చాలాచోట్ల పనిముట్టో, పనిచేసే చోటో. వాము, కొలిమి, బాడిసె, మగ్గం. మనిషి లేడని చెప్పకుండా, మనిషి చెయ్యి పడని వస్తువును చూపించి ఊరుకుంటాడు. ఏడుపు మనకు వదిలేస్తాడు. తెలుగు పాటలో పనిముట్టుకు ఇంత మర్యాద దొరకడం అరుదు. ఇక నేరం చేసినవాడెవరో పాటలో కంటికి కనబడడు. దీన్ని కొందరు అస్పష్టత అన్నారు. నాకైతే అదే పాటలోకెల్లా నిజమైన సంగతి అనిపిస్తుంది. నిజంగానే వాడు కనబడడు. నీలం పట్టా వేసినతన్ని పట్టుకుని అడిగితే ‘వరంగల్‌ల తెచ్చిన’ అంటాడు. వరంగల్ దుకాణదారుడు హైదరాబాద్ రాణీగంజ్ అంటాడు. అక్కడివాళ్లు ముంబయి అనో ఢిల్లీ అనో అంటారు. అడుగుతూపోతే ఎక్కడో ఓడరేవు దగ్గర మాట ఆగిపోతుంది.

నా ఇబ్బంది వేరేచోట. పాటలో పల్లె అంతా ఒక్కటై ఏడుస్తుంది. కానీ పల్లెలో చేసేవాళ్లూ చేయించుకునేవాళ్లూ వేరు వేరు ఇళ్లవాళ్లు. కమ్మరి కొలిమి చల్లారిందంటే, అక్కడికి పోవడం మానేసిన ఇళ్లు కొన్ని ఉండాలి కదా. ఆ ఇళ్లలో మాది ఒకటి.

నాయినమ్మను అడిగాను. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి, సంగతులు మాత్రం వరసతప్పవు. మా ఊళ్లో కమ్మరి తాత కొలిమి చింతచెట్టు కింద ఉండేది. కొడవళ్లకు కక్కు పెట్టడం, కర్రు సాగదీయడం, గొడ్డలికి అంచు తీయడం అన్నీ ఆయనే. చేతికి డబ్బు ఇచ్చేవాళ్లు కాదు, ఏటా కల్లం దగ్గర వడ్లు కొలిచేవాళ్లు. ఇంతవరకూ పాటలో ఉన్న ఊరే. ఆ తర్వాత ఆమె చెప్పింది పాటలో లేదు.

‘కోతలప్పుడు పొద్దుగాల పోతే మాపటిదాంక కూసునుడే. పటేండ్లయి ముందల. వాళ్లయి అయినంక మనయి. మనయి అయినంక వాడోళ్లయి. వాడోళ్ల ఆడోళ్లు దూరంగ నిలబడుతుండె. ఒక్కోపాలి వాళ్ల కొడవలి తెల్లారి గూడ అందకపోతుండె.’

మరి కొలిమికి పోవడం ఎప్పుడు మానేశావంటే, ఏదో ఒక ఏడాది వర్ధన్నపేటకు పోయినప్పుడు దుకాణంలో తయారుచేసిన కొడవలి కనబడిందట. ‘పైసలిచ్చిన, తెచ్చుకున్న. ఎవ్వల్నీ బతిమాలలే.’

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రపంచీకరణ సాహిత్యం అని మనం పిలుచుకునే కథల్లో, కవితల్లో బజారు ఎప్పుడూ దొంగగానే వస్తుంది. నాయినమ్మకు మాత్రం ఆ రోజు బజారు అంటే వరసలో నిలబడనక్కర్లేని చోటు. వాడలోని ఆడవాళ్లకు అది ఇంకా పెద్ద సంగతి అయి ఉండాలి. దుకాణంలో కొడవలికి పటేలు వంతు, వాడ వంతు అని ఉండదు. అందరికీ ఒకటే ధర. ఈ సుఖం చిన్నది కాదు, దీన్ని లెక్కలోకి తీసుకోని దుఃఖం నాకు సగం దుఃఖంలాగే కనిపిస్తుంది.

ఆ మాటతో పాటను కొట్టిపారేయడానికీ లేదు. ఆ వరసను పెట్టింది కమ్మరి తాత కాదు. ముందు పటేలు కర్రు చేయనంటే ఆయనకు ఊళ్లో నిలవనీడ ఉండేది కాదు. కరువొచ్చి కల్లం ఎండితే ఆయన వడ్లు ముందు తగ్గేవి. నాయినమ్మ దుకాణంలో డబ్బులిచ్చి కొనుక్కున్న స్వేచ్ఛకు ఖర్చు ఎవరో ఒకరు భరించారు. భరించింది పటేలు కాదు, కమ్మరి తాత. పాట అక్కడే ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇంకొక సంగతి. కమ్మరి తాత దగ్గర ఇనుము ఎక్కడిది? నేను చూసినంతవరకూ లారీ కమాను పట్టీలు. వరంగల్ పాతసామాన్ల కొట్ల నుంచి తెచ్చేవాడు. ఆ పట్టీలో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగదీసి, అంచును ముంచి చల్లారిస్తే గట్టిపడుతుంది. కాలేజీలో హీట్ ట్రీట్‌మెంట్ పాఠం చెబుతుంటే నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన తొట్టిలో నీళ్లు సుర్రుమన్న చప్పుడే. అంటే మా ఊరి కొడవలి పదేళ్లు లారీ కింద దేశమంతా తిరిగొచ్చిన ఉక్కు. ‘స్వయంపోషక గ్రామం’ అనుకుంటాం గానీ, నేను పుట్టేనాటికే మా కొలిమి దూరపు కార్ఖానాల మీద బతుకుతోంది.

అంతకు వెనక్కి పోతే కథ తలకిందులవుతుంది. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో (ఊరి పేరు చూడండి) కోనసముద్రం అని ఉంది. 1820లలో హెన్రీ వాయ్సీ అనే ఆయన అక్కడ మూసల్లో ఉక్కు తీయడం చూసి రాసిన వర్ణన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అక్కడ ఆయనకు ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చిన పారశీక వర్తకుడు కనిపించాడు. తెలంగాణ ఉక్కు పడమటి దేశాల కత్తులైంది. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ భారతీయ ఉక్కుతో కత్తులు చేసి, దాని రహస్యం కనిపెట్టడానికి మైకేల్ ఫారడేతో కలిసి ప్రయోగాలు చేశాడు. ఆ రోజుల్లో ఇస్ఫహాన్‌లో కూరగాయలు తరిగే ఏ ఇల్లాలైనా తన కత్తి ఎక్కడిదని అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమయ్యేది.

తర్వాత ఇంగ్లాండు ఇనుము చవకగా వచ్చింది. అడవుల మీద ఆంక్షలొచ్చి బొగ్గు కరువైంది. 1889లో నిజాం రైలు వరంగల్ మీదుగా బెజవాడ చేరింది. మా పక్క మండలం పేరులోనే రైలుంది, స్టేషన్ ఘన్‌పూర్. మా వైపుకి సీమ ఇనుము మొదట దిగింది ఆ ప్లాట్‌ఫారం మీదేనేమో అని నేను ఊహించుకుంటాను. 19వ శతాబ్దంలో ఇనుము కరిగించే కొలుములు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. సాగదీసి, వంచే కొలుములు మిగిలాయి. వెంకన్న పాట ఈ మిగిలినవాటి కోసం. అంతకు ముందు పోయినవాళ్ల కోసం ఏడ్చిన పాట ఏదీ మన పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

ఈ మధ్య ఆఫీసు పనిలో ఒక దిగుమతుల సాఫ్ట్‌వేర్ కోసం కస్టమ్స్ పట్టిక చదవాల్సి వచ్చింది. 1988 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన అంతర్జాతీయ వర్గీకరణ అది. ప్రపంచంలో ఓడెక్కే ప్రతి సరుకుకూ అందులో ఒక అంకె ఉంటుంది. 82వ అధ్యాయం పనిముట్లది. చదువుతుంటే వెంకన్న పాటే గుర్తొచ్చింది, ఎందుకంటే ఇదీ ఒక జాబితానే. 8201లో పారలు, గొడ్డళ్లు, కొడవళ్లు. 8202 రంపాలు. 8203 ఆకురాళ్లు, పటకార్లు. 8204 పానాలు. 8205 సుత్తెలు, పేచ్‌కస్‌లు. అలా నడుస్తూ 8211 కత్తులు, 8213 కత్తెరలు, చివరికి 8215 చెంచాలు. పొలంలో మొదలై, పనిశాల మీదుగా వంటింట్లోకి వచ్చి, కంచం పక్కన ముగుస్తుంది. ఎవరు రాశారో గానీ కథ నడకలా ఉంది.

రెండు జాబితాల తేడా ఇదీ. వెంకన్న జాబితాలో ప్రతి పనిముట్టుకూ ఒక ఇల్లుంది, ఆ ఇంటికో కులముంది. కస్టమ్స్ జాబితాలో మనిషి ఆనవాలు లేదు. కొడవలిని కమ్మరి చేశాడా, యంత్రం చేసిందా, దానికి అక్కర్లేదు. సుంకం వేయడానికి అంకె చాలు. మన జీఎస్టీ కూడా ఆ అంకెల మీదే నడుస్తుంది. 8201 కొడవలికి పన్ను లేదు, 8205 పేచ్‌కస్‌కు 18 శాతం. ప్రభుత్వానికి పొలంలోని పనిముట్టు మీద ఇంకా కొంచెం జాలి ఉందన్నమాట. అయితే ఆ జాలి చెయ్యిని చూడదు. కమ్మరి కొట్టిన కొడవలి, కార్ఖానాలో రేకు నుంచి కోసిన కొడవలి దానికి ఒకటే.

కొనేవాళ్లు మాత్రం రెండు జాబితాల్లోనూ లేరు.

మన విమర్శలో ‘వస్తువు’ అంటే ఇతివృత్తం. వస్తువు గొప్పదా శిల్పం గొప్పదా అని డెబ్భై ఎనభై ఏళ్లుగా కొట్టుకుంటున్నాం. ఈ గొడవలో అసలు వస్తువు, అంటే చేతిలో పట్టుకునేది, వంటింట్లో మేకుకు వేలాడేది, మన చూపు నుంచి జారిపోయింది. మా జిల్లాలోనే పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు మీద నకాసీ పని చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ ఇప్పుడది సన్మాన సభల్లో చేతికిచ్చే జ్ఞాపిక, హోటల్ గోడ మీది పలక. మా ఇంట్లోనూ ఒకటుంది, టీవీ పక్కన. దాంతో ఎవరూ ఏ పనీ చేయరు. పెంబర్తి శిల్పమై బతికింది. కొడవలికి అలా బతికే వీలు లేదు. దానితో కోయాలి, అరగాలి, మళ్లీ సాన పెట్టాలి. వస్తువుగానే బతకాలి, లేకపోతే లేదు.

సరే, కొన్నవాళ్లకు ఏం దొరికిందో చూద్దాం. అమ్మ జాతరలో కొన్న కత్తి గట్టిపరచని పల్చటి స్టెయిన్‌లెస్ రేకు. కమ్మరి తాత చేసిన కత్తి పక్కన పెడితే పదును నాలుగురోజులు నిలవదు. నాలోని మెకానికల్ ఇంజనీరు ఆ రోజు అదే చెప్పబోయాడు. అమ్మ వినలేదు, వినకపోవడానికి ఆమెకు కారణముంది. కమ్మరి కత్తితో చింతపండు ముట్టుకుంటే నల్లబడేది. మామిడికాయ కోస్తే ముక్కకు ఇనుప వాసన. రోజూ కడిగి, తుడిచి, పొడిగా పెట్టకపోతే తుప్పు. ఆ తుడిచే చెయ్యి ఎప్పుడూ ఆడవాళ్లదే. స్టెయిన్‌లెస్ అంటే కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన ఉక్కు. మన దేశపు క్రోమియం ఖనిజం దాదాపు అంతా ఒడిశాలో సుకింద లోయలోనే తవ్వుతారు, అక్కడి నీళ్లకు ఆ తవ్వకం చేసిన చెరుపు వేరే కథ. ఎక్కడి లోయనో తవ్వితే మా అమ్మకు రోజుకు పది నిమిషాలు మిగిలాయి. ఈ లెక్కను ఏ పద్దులో రాయాలో నాకు తెలియదు, రాయకుండా వదిలేయకూడదని మాత్రం తెలుసు.

నా సొంత కొనుగోలు ఇంకా హీనం. ఇంట్లో ఫ్యాను బిగించడానికి ఆన్‌లైన్‌లో ముప్పై రెండు ముక్కల పేచ్‌కస్ సెట్టు తెప్పించాను. 2020 నుంచి ఆన్‌లైన్ దుకాణాలు సరుకు ఏ దేశానిదో చెప్పాలి కాబట్టి, చైనా అని రాసి ఉంది. అందులో తప్పేం లేదు, జెజియాంగ్ రాష్ట్రంలో యోంగ్‌కాంగ్ అనే ఊరు ఈ సామానుకే పేరుపడింది, పక్కనే యీవూలో అది ప్రపంచమంతటికీ టోకున అమ్ముడవుతుంది. మంచి సరుకూ అక్కడే చేస్తారు, చెత్తా అక్కడే చేస్తారు, కొనేవాడు చెప్పిన ధరను బట్టి. నేను 399 రూపాయలు చెప్పాను. మూడో స్క్రూ దగ్గర కొస గుండ్రంగా అరిగిపోయింది. ఫిర్యాదు చేస్తే డబ్బు తిరిగి వేసి, ‘వస్తువును వెనక్కి పంపనక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి’ అని సందేశం పెట్టారు. వెనక్కి తెప్పించుకునే ఖర్చు దాని ధరకన్నా ఎక్కువన్నమాట. సముద్రం దాటి వచ్చిన ముప్పై రెండు ముక్కలు మా బాల్కనీలో ఎవరికీ అక్కర్లేకుండా ఉన్నాయి.

నాయిన దగ్గర టపారియా పేచ్‌కస్ ఒకటుంది, ఆకుపచ్చ పిడిది, నా వయసంత పాతది. దాన్ని దేశీ సరుకు అని ఆయన గొప్పగా చెబుతాడు. నాసిక్‌లో చేసింది, నిజమే. కానీ ఆ కంపెనీ 1969లో చేతి పనిముట్లు మొదలుపెట్టింది స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో. ఈ మాట చెబితే నాయిన ‘అయితేంది, ఇరవై ఏండ్ల కింద కొస కొంచెం మొండివడితే కమ్మరాయనతో సరిచేయించిన, ఇప్పటికి నడుస్తుంది’ అన్నాడు. ఆ జవాబులో తేడా అంతా ఉంది. స్వీడన్ అయితేనేం, నాసిక్ అయితేనేం, దాన్ని మా ఊరి కొలిమి గుర్తుపట్టింది. బాగుచేయడానికి అందులో ఉక్కు ఉంది. నా సెట్టులోని ముక్కను ఏ కమ్మరీ ఏమీ చేయలేడు, కాలిస్తే వంకరపోవడం తప్ప. కొలిమి పోయినందుకు కొడవలి దొరకకుండా పోలేదు, ఎప్పటికన్నా చవకగా దొరుకుతోంది. ‘తే, సరిచేస్తా’ అనేవాడు దొరకడం లేదు. పాట విన్న ప్రతిసారీ నాకు తట్టే నష్టం ఇప్పుడు ఇదే.

ఈ ఏడుపు మనదొక్కటే అనుకుంటే పొరపాటు. మా బావ అమెరికాలో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడికి గంట దూరంలోపే ఫోర్ట్‌వర్త్. 1927 నుంచి అమెరికన్ల ఇళ్లలో ఉన్న క్రాఫ్ట్స్‌మన్ పనిముట్లను మళ్లీ స్వదేశంలో చేస్తామని స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ 2019లో అక్కడ కార్ఖానా ప్రకటించింది. యంత్రాలతోనే చాలావరకు పని నడిపి, చైనాతో సమానమైన ఖర్చుకు పానాలు చేయాలని ఆశ. 2023లో మూసేస్తున్నామని చెప్పింది. బావ పక్కింటి ముసలాయన తన తండ్రి పానాల పెట్టె తెరిచి చూపించి, ఇప్పుడివి ఇక్కడ చేసేవాళ్లు లేరని బాధపడ్డాడట. అంతకు ముందు ఇంగ్లాండులో షెఫీల్డ్ కత్తులవాళ్లు జర్మనీ చవక కత్తుల మీద ఇదే గోల పెట్టారు. ఆ గోల వల్లే ఏ దేశపు సరుకో చెప్పి తీరాలని 1887లో చట్టం వచ్చింది. కోనసముద్రం కొలుములను ఆర్పిన ఇనుము ఆ దేశానిదే. ఎనభై ఏళ్లు తిరక్కుండానే కన్నీళ్లు వాళ్ల ఇంటికి వెళ్లాయి.

కొలిమి అంటే ఒక చోట ఆరి, ఇంకో చోట అంటుకునేదని కూడా పాట చెప్పదు. జలంధర్, లూధియానాల్లో ఇవాళ పానాలు, సుత్తెలు కొట్టే షెడ్లున్నాయి. అక్కడ ఎర్రటి ఇనుము ముందు నిలబడేది ఎక్కువగా బీహార్, ఉత్తరప్రదేశ్ కూలీలు. ఆ సరుకు అమెరికా దుకాణాల్లో అక్కడి కంపెనీల పేర్ల మీద అమ్ముడవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం దాకా పెంచితే ఆ షెడ్లలో గుబులు పుట్టింది. వాళ్ల పల్లె ఏదో, వాళ్ల పాట ఎవరు రాస్తారో. కులం పేరుతో ఇల్లిల్లూ తిరిగే పాట పద్ధతి అక్కడ పనిచేయదు, ఎందుకంటే ఆ కూలీది కమ్మరి ఇల్లు కాదు, ఆ ఊరూ అతనిది కాదు. ఇరవై ఏళ్లుగా మన కథకులు చల్లారిన కొలిమి దగ్గర కథ ఆపేస్తున్నారు. నిప్పు ఎటు పోయిందో వెతుక్కుంటూ పోయిన కథ ఒకటి చదవాలని నాకు ఆశ. దాని పక్కనే, వర్ధన్నపేట దుకాణం ముందు డబ్బులు లెక్కపెడుతున్న ఆడమనిషి కథ కూడా.

జాతర అయిన నాలుగు నెలలకు ఊరికి పోతే అమ్మ కత్తి పిడి ఊడిపోయి ఉంది. రోడ్డు మీద కమ్మరి తాత మనుమడి వెల్డింగ్ షాపుంది, నాతో పదో తరగతి చదివాడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాలీ రిపేర్లు చేస్తాడు. షాపు ముందు తీగకు కొడవళ్లు వేలాడుతుంటాయి, వరంగల్ నుంచి డజన్లలెక్క తెచ్చినవి. చేతిలో గ్రైండర్ చైనాదే. ‘తాత ఒక పూట చేసేది దీంతోని ఐదు నిమిషాలు’ అంటాడు, అందులో బాధేం లేదు. కత్తిని చూసి నవ్వాడు. ‘లోపటికి అంగుళం గూడ లేదురా ఇనుము. పిడి ఎట్ల నిలుస్తది?’ అని ఎం-సీల్ పెట్టి, పైన చిన్న పైపు ముక్క బిగించాడు. డబ్బు తీసుకోలేదు.

ఆరేదాకా కూర్చున్నాను. మాటల్లో పాట సంగతి వచ్చింది. ‘పాట మంచిగుంటది. మా నాయినకే పడది’ అన్నాడు. ఎందుకంటే, ‘కొలిమి పాడుబడ్డదని పాడుతరు గద. మన కొలిమి ఎప్పుడు పాడుబడ్డది, రోజు ఊడుస్త లేనా అని తిడుతడు.’

షాపు వెనకే ఆ కొలిమి. చింతచెట్టు లేదు, కొట్టేశారు. రేకుల కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. దాగలి మీద చిన్న గుడ్డ కప్పి ఉంది, పటకార్లు పొడవు ప్రకారం గోడకు ఆనించి ఉన్నాయి. తిత్తి స్థానంలో ఎప్పుడో పెట్టిన చేతి బ్లోయరు. మా దోస్తు తండ్రి మంచం మీద కూర్చుని నా చేతిలో కత్తి చూసి, ఇటియ్యమని చెయ్యి చాపాడు. గోరు మీద ఆనించి చూశాడు. అంచు వెంబడి బొటనవేలు నెమ్మదిగా నడిపాడు. ఏమీ అనకుండా లేచి, మూలనున్న సానరాయి మీద నీళ్లు చల్లి, ఓ పది నిమిషాలు నూరి ఇచ్చాడు.

‘వారం దినాలు తెగుతది. మల్ల తే’ అన్నాడు.